పగాన్ గుడికి మా అతుకు

ఇప్పుడు మా శంషాబాద్‌లో పొద్దున ఇంట్లో ఉప్మా తిని విమానమెక్కి, పరాయి దేశాల్లో బుద్ధుడి గుళ్ళు చూసి వస్తున్నారు. మొన్న మా పక్కింటివాళ్ళు అలాగే బర్మా పోయి వచ్చి, నదీ తీరాన పగాన్ అనే ఊరుందని, అక్కడ ఎటు చూసినా గుళ్ళేనని, సాయంత్రం పూట చూడాలే తప్ప చెప్పలేమని నాకు వివరంగా చెప్పారు. నేను బుద్ధిగా విన్నాను. నేను ఆ ఊళ్ళో తిరిగిన నాటికి ఆ ఇంటాయన తండ్రి కూడా పుట్టలేదు. పైగా నన్ను టికెట్ లేకుండా, తిండి పెట్టి, కాళ్ళకు బూట్లిచ్చి మరీ తీసుకుపోయారు. కాకపోతే అప్పుడు విమానాల్లోంచి దిగేది మనుషులు కాదు, బాంబులు.

రోడ్ల శాఖలో చిన్న ఉద్యోగంలో చేరి, అంతకన్నా కాస్త పెద్ద ఉద్యోగంలో రిటైరయినవాణ్ణి. కల్వర్టులు, కంకర, తారు తప్ప నా జీవితంలో చెప్పుకోదగ్గది లేదని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం. అది చాలావరకు నిజమే. అయితే రోడ్డు పని నేర్చుకున్నది ఆ శాఖలో కాదు, బర్మాలో, నలభైల్లో జరిగిన పెద్ద యుద్ధం చివరి రోజుల్లో. ఈ కాలంలో కొత్తగా పనుల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "తాతా, మీ రోజుల్లో ఎట్లుండె?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మా ప్రాంతమంతా అప్పట్లో బండలు, గుండ్లు. ఇవాళ విమానాలు దిగుతున్న నేల మీద మేము రాళ్ళు కొట్టాము. సైన్యానికి రోడ్లు వేసే పనివాళ్ళు కావాలని దండోరా వేస్తే బాలాపూర్ నుంచి, బుద్వేల్ నుంచి, మా వైపు నుంచి రాళ్ళు కొట్టేవాళ్ళు ఒక ముఠాగా బయలుదేరారు. నాకు రాయి కొట్టడం అంతంతమాత్రం. కానీ బడిలో నాలుగు ముక్కలు ఉర్దూ వచ్చింది కనుక దొరలతో మాట్లాడే పని నాకు తగిలించారు. ముఠాకు పెద్ద బాలాపూర్ మేస్త్రి. అందరం ఆయన్ని బాపు అనేవాళ్ళం. మనిషి బక్కపలచన, కోపం ముక్కు మీదే. సైన్యం వాళ్ళిచ్చిన బూట్లను లేసులు కట్టి మెడలో వేసుకుని, ఉత్త కాళ్ళతో బర్మా అంతా నడిచాడు. మా లారీ నడిపేది మైలార్‌దేవ్‌పల్లి వైపు క్రైస్తవుడు. నాకన్నా కాస్త పెద్దవాడు, అందుకని అన్నా అని పిలిచేవాణ్ణి. లారీ ఎంత బురదలో దిగినా ఆయన పాట ఆగేది కాదు.

కొండలు దాటి మైదానంలోకి దిగేసరికి యుద్ధం మాకన్నా ముందు పోయింది. అది వదిలిపెట్టిన వాటి మధ్య మేము నడిచాం. కాలిపోయిన ఊళ్ళు, నీళ్ళలో కూలబడ్డ వంతెనలు, తలలు తెగిన తాటిచెట్లు. మనుషులు మమ్మల్ని చూడగానే తలుపులు వేసుకునేవారు. వాళ్ళను అనడానికి లేదు, యూనిఫాం వేసుకున్నవాడు వచ్చిన ప్రతిసారీ వాళ్ళకు ఏదో ఒకటి పోయింది. అలాంటి దారిలో ఒక పొద్దున లారీ ఒక మిట్ట ఎక్కగానే డ్రైవరన్న పాట ఆపేశాడు. ఎదురుగా ఐరావతి నది, దాని ఒడ్డంతా ఎర్రటి ఇటుక గుళ్ళు. చిన్నవి, పెద్దవి, కొన్ని తెల్లగా సున్నం కొట్టినవి, కొన్ని మీద చెట్లు మొలిచినవి. మధ్యలో తాటివనాలు. మేము లారీలో నిలబడిపోయాం. అంత నాశనం చూసి వచ్చిన కళ్ళకు అది కనబడటం మా అదృష్టం. ఆ మాట అప్పుడే అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

"ఇన్ని గుళ్ళు ఎవలు కట్టిండ్రు రా?" అన్నాడు బాపు.

"గుళ్ళ సంగతి తర్వాత. తాళ్ళు జూడు బాపూ, తాళ్ళు! కల్లు లొట్లు గూడ కట్టిండ్రు" అన్నాడు డ్రైవరన్న. ముఠా అంతా నవ్వింది. చాలాకాలం తర్వాత విన్న నవ్వు అది.

అక్కడే మాకు మనవాడు దొరికాడు. గుడారాలు వేసుకుంటుంటే లుంగీ కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, చూడ్డానికి బర్మా మనిషిలా ఉన్న ఒకతను దూరంగా నిలబడి మా మాటలే వింటున్నాడు. కాసేపటికి గబగబా వచ్చి, "మీరు తెలుగోలా బాబూ?" అన్నాడు. అని, కింద కూర్చుని ఏడ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి. పక్క ఊరి నూనె బావుల్లో కూలికని యుద్ధానికి ముందే వచ్చాడట. జపానువాళ్ళు వచ్చినప్పుడు తోటివాళ్ళంతా ఇండియాకు నడిచిపోతే ఇతను జ్వరంతో దారిలో పడిపోయాడు. పగాన్‌లో ఒక గుడిని కనిపెట్టుకుని ఉండే ముసలి సన్యాసి ఇతన్ని గుళ్ళోకి మోయించుకుపోయి బతికించాడు. అక్కడ సన్యాసిని పొంగీ అంటారు. తర్వాత ఊరివాళ్ళు తమకే లేని రోజుల్లో ఇతనికి వంతులవారీగా అన్నం పెట్టారు. ఇతన్ని మేము రంగమన్నా అని పిలిచేవాళ్ళం. ఆ రోజుల్లో మన పల్లెల్లో బర్మా అంటే రంగమే.

"ఊరంతా బయపడతా ఉంటే నానే సెప్పినాను. ఒచ్చీవోలు మావోలు, మనల్ని ఏటీ సెయ్యరు అని" అన్నాడు అతను. మాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

మాకిచ్చిన పని ఊరి పక్క ఎండిపోయిన వాగు మీదుగా బళ్ళను దాటించడం. గాయపడ్డవాళ్ళను తెచ్చే బళ్ళు ఆ ఇసుకలో కూరుకుపోతున్నాయి. లోపల మనుషులు మూలుగుతుంటే బయట మేము బళ్ళను తోసేవాళ్ళం. ఇసుక మీద గట్టిగా ఏదైనా పరవాలి, కానీ ఆ చుట్టుపక్కల పిడికెడు రాయి లేదు. మా కెప్టెన్ దొర, "గుళ్ళ జోలికి పోవద్దు. కింద పడ్డవి ఏవైనా తీసుకోండి" అని హుకుం ఇచ్చాడు. నిలబడి ఉన్నదాన్ని బాపు ఎలాగూ ముట్టనివ్వడు. వెతకగా ఒక పెద్ద గుడి వెనక, చింతచెట్టు కింద, ఇటుకల కుప్ప కనబడింది. చక్కగా చదరంగా పేర్చి ఉంది. మన ఇటుకల్లా కాదు, వెడల్పుగా, పలకల్లా ఉన్నాయి.

ఇక్కడ మా పని తీరు ఒకటి చెప్పాలి. మా దగ్గర ఎవరైనా రాయి కొట్టి కుప్ప పెడితే, దాని మీద సున్నపు నీళ్ళు గీతగా చల్లుతారు. ఒక్క రాయి కదిలినా గీత చెదిరి తెలిసిపోతుంది. గీత ఉన్న కుప్పను తండ్రిదైనా ముట్టరు. గీత లేనిది దిక్కులేనిది, ఎవరైనా ఎత్తుకోవచ్చు. బాపు ఆ కుప్ప చుట్టూ తిరిగాడు, పైన చూశాడు, పక్కల చూశాడు. మేమంతా చూశాం. ఎక్కడా సున్నం లేదు.

"ఎవ్వలిది గాదు. ఎత్తుండి" అన్నాడు.

ఊరివాళ్ళు కొందరు దూరం నుంచి చూస్తూనే ఉన్నారు. ఎవరూ నోరు మెదపలేదు. ఇష్టం లేకపోతే వద్దంటారు కదా అని మేమనుకున్నాం. యూనిఫాంలో ఉన్నవాడికి వద్దని చెప్పే ధైర్యం వాళ్ళలో చచ్చిపోయి చాలా రోజులైందని మాకెవరికీ తోచలేదు. వద్దని చెప్పగలిగిన రంగమన్న ఆ రోజు ఊళ్ళో లేడు, బియ్యం కోసం అవతలి ఒడ్డుకు పోయాడు. ఇటుకలు వాగులో పరిచి, పగలగొట్టి, దిమ్మిసతో కొట్టి గట్టిచేశాం. మధ్యాహ్నానికల్లా గాయపడ్డవాళ్ళ బళ్ళు ఆగకుండా దాటిపోయాయి. ఒక బండిలోంచి ఎవరో మాకు చెయ్యి ఊపారు. ఆ రోజు మా అంత ఘనులు ఎవరూ లేరు.

సాయంత్రం రంగమన్న వచ్చాడు. ముఖం చూడగానే ఏదో జరిగిందని తెలిసింది.

"ఏటి సేసీసినారు బాబూ! అవి గుడి ఇటుకలు. పిరంగి గుండు తగిలి కప్పు కూలిపోతే, ఊరంతా పొలాల్లోంచి, వాగుల్లోంచి ఒక్కోటి ఏరి తెచ్చినారు. ఆడోళ్ళు తలమీద మోసినారు. వానలు రాకముందే కప్పు మూసీయాలని. నానూ మోసినాను."

మేము అతని వెంట పోయాం. గుడి లోపల చల్లగా, చీకటిగా ఉంది. ఎత్తయిన బుద్ధుడు కూర్చుని ఉన్నాడు. ఆయన తలకు సూటిగా పైన కమాను కప్పులో బండి చక్రమంత కంత. అందులోంచి ఆకాశం. లోపలంతా ఇటుక, పైన గచ్చుపూత. ఒక వానాకాలం నీళ్ళు పడితే విగ్రహం నాని కూలుతుందని మేస్త్రి అయినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. బాపు తలెత్తి చూస్తూ ఉండిపోయాడు.

పొంగీ చాలా ముసలివాడు. మమ్మల్ని చూసి రంగమన్నను ఏదో అడిగాడు. "దెబ్బలు తగిలినోలు వాగు దాటినారా అని అడుగుతన్నారు" అన్నాడు రంగమన్న. దాటారని చెప్పాం. అయితే మంచిదేనన్నట్టు ఆయన తలూపాడు. ఆయన తిట్టి ఉంటే మాకు కాస్త తేలికయ్యేది.

తిట్టింది ఊరి పెద్ద. తాళ్ళు గీసే మనిషి, ఇటుకలు ఏరించింది ఆయనే. మమ్మల్ని చూడనే లేదు. రంగమన్న ముందు నిలబడి ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. ఏమన్నాడని రంగమన్నను అడిగాం.

"మీవోలు ఒచ్చినారు కదా, ఇంక నీకు అన్నం వాళ్ళే పెడతారు అన్నాడు."

ఆ రోజు నుంచి ఊళ్ళో అతనితో ఎవరూ మాట్లాడలేదు. వండుకున్న ఇళ్ళ ముందు నుంచి పోతున్నా పిలవలేదు. మాతో పాటు ఇండియాకు వచ్చెయ్యమన్నాం. "నానెక్కడికొస్తాను? నా వోలంతా ఈ ఊరోలే" అన్నాడు. మేము తీసుకున్నవి ఇటుకలే అనుకున్నాం, అతని ఊరిని తీసుకున్నామని అప్పుడు తెలిసింది.

బాపు ఆ పూట అన్నం ముట్టలేదు. "ఈ దేవుడు మన దేశపోడే అంటుండు గదా రంగమన్న. మన దిక్కు నుంచి ఇంత దూరమొచ్చినాయనకు నీడ లేకుండ చేసినం. ఇగ మనమే కప్పు వేయాలె" అన్నాడు.

"దేనితోటి బాపూ? ఇటుకలన్నీ పిండి అయినయి" అన్నాను.

"రాయి లేని దేశం ఉంటదా? దొరనడుగు."

మేము సోమవారం పొద్దున దక్షిణానికి కదలాలని అప్పటికే హుకుం వచ్చింది. నేను పోయి కెప్టెన్ దొర ముందు నిలబడి, జరిగిందంతా నాకొచ్చిన ఉర్దూలో చెప్పాను. ఆయన పైపు కొరుకుతూ విన్నాడు. ఆదివారం మీకు సెలవు, మీరేం చేసుకుంటారో నాకనవసరం, లారీ మాత్రం సర్కారుది, గుళ్ళకు ఇవ్వను అన్నాడు. నేను వెనక్కి తిరిగాను. "ఆగు" అన్నాడు. శనివారం లారీ ముప్పై మైళ్ళ అవతలి పోపా కొండకు పోయి రోడ్డుకు రాయి తేవాలని, తెచ్చేటప్పుడు గుడి దగ్గర కుదుపుకు కొంత రాయి జారిపడితే దాన్ని ఎత్తడానికి మళ్ళీ లారీని ఆపి టైం పాడుచేయొద్దని చెప్పాడు. ఆ మనిషి పేరు మరిచిపోయాను కానీ ఆయనకు పెట్టిన దండం మరిచిపోలేదు.

పోపా కొండ చూడకపోతే నేను బర్మా చూసినట్టు కాదు. కింద అంతా ఎండి పగిలిన నేల. పైకి పోతుంటే గాలి మారింది, చెట్లు వచ్చాయి, బండల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అడవిలో ఎక్కడో సంపెంగలు పూసి వాసన లారీలోకి కొట్టింది. యుద్ధం ఆ కొండ కింద నుంచే తిరిగిపోయినట్టుంది. మావాళ్ళు ఊటల్లో తలలు పెట్టి తాగారు, స్నానాలు చేశారు. ఒకప్పుడు నిప్పులు కక్కిన కొండ అది. దాని రాయి ఎర్రగా, నల్లగా, నిండా బెజ్జాలతో ఉంది. బాపు పెద్ద ముక్క ఒకటి ఎత్తబోయి, అలవాటు కొద్దీ నడుం బిగించి పట్టుకుని, ఆ తేలికకు వెనక్కి పడబోయాడు.

"గిదేం రాయిరా? బొరుగుల ముద్ద లెక్కనే ఉన్నది!" అన్నాడు. తర్వాత సుత్తెతో తట్టి చూసి ముఖం వెలిగిపోయింది. పాత ఇటుక గోడల మీద మన నల్లరాయి వేస్తే గోడలే కూలుతాయి. ఇది బరువు లేదు, బలం ఉంది. ఆ కప్పుకు ఇదే కావాలి.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. డ్రైవరన్న ఆదివారం ప్రార్థన మానడు. ఆ రోజు గుడి మెట్ల మీద ఒక నిమిషం కళ్ళు మూసుకుని లేచి, "మా ప్రభువు గూడ చేతిపని చేసినోడే, ఏమనడు తియ్" అని తాటి దుంగలు మోశాడు. సున్నం మా దళం మరుగుదొడ్ల కోసం తెచ్చుకున్న కొత్త బస్తాల్లోది. ఆ సంగతి పొంగీకి చెప్పాలా వద్దా అని నేను సందేహిస్తే, "సున్నానికి కులముంటదా? నోరు మూసుకో" అన్నాడు బాపు. సున్నంలో కలపడానికి బెల్లం కావాలి. రంగమన్న ఊళ్ళోకి పోయి ఉత్త చేతులతో వచ్చాడు. కాసేపటికి ఊరి పెద్ద భార్య తాటిబెల్లం కుండ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా పోయింది. బెల్లం ఉడకబెట్టిన వాసనకు పిల్లలు వచ్చారు, పిల్లల వెనక తల్లులు వచ్చారు. నీళ్ళు మోయడం ఎవరు మొదలుపెట్టారో నేను చూడలేదు. ఊరి పెద్ద మాత్రం రాలేదు.

లోపలి నుంచి తాటి దుంగలతో, వెదురుతో ఆధారం కట్టి, చెక్కిన రాళ్ళను మావాళ్ళు దాని మీద కమానులా కూర్చారు. ఆకాశం మధ్యాహ్నం నుంచే నల్లబడుతోంది. చివరి రాయి కూర్చుని, పైన గచ్చు పూసి, దాని మీద తాటాకు తడికలు కప్పేసరికి గాలి లేచింది. మామూలుగా సున్నం ఆరేదాకా ఆధారం ఉంచాలి. కానీ మేము తెల్లారితే ఉండం. మేము పోయాక ఆ దుంగలు ఎవరైనా ఒక పక్క నుంచి లాగితే కప్పు మొత్తం కూలుతుంది. తీసేది ఏదో మేమే తియ్యాలి.

మా దగ్గర కమాను కట్టిన మేస్త్రి, ఆధారం తీసేటప్పుడు దాని కింద తానే కూర్చుంటాడు. ఇంకొకరిని కూర్చోబెట్టడు. బాపు పోయి బుద్ధుడి ఒడికి ఆనుకుని, కప్పు కూలితే రాళ్ళు మీద పడేచోట, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎందుకలా కూర్చున్నాడో నేను రంగమన్నకు చెప్పాను. అతను లోపలికి నడిచిపోయి బాపు పక్కన కూర్చున్నాడు.

"లేవయ్యా, నువ్వేంది? నువ్వు కట్టలేదు గదా" అన్నాడు బాపు.

"ఒచ్చీవోలు మావోలని సెప్పింది నానే కదా బాబూ" అన్నాడు అతను.

బాపు కాస్త జరిగి చోటిచ్చాడు. పొంగీ గోడ వారగా నిలబడి పెదవులు కదుపుతున్నాడు. మావాళ్ళు వెదురు విప్పారు. దుంగలు ఒక్కొక్కటే జార్చారు. చివరి దుంగ పక్కకు రాగానే పైన కర్రుమని ఒక చప్పుడు వచ్చింది. కాస్త పొడి రాలి బాపు భుజం మీద పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. నా ఉద్యోగమంతటిలో ఎన్ని కల్వర్టుల కింద ఆధారాలు తీయించానో, ప్రతిసారీ అప్పటి ఆ చప్పుడే వినబడేది. కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు. రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

అప్పుడే వాన దిగింది. బయట ఉన్నవాళ్ళంతా గుళ్ళోకి ఉరికారు. ఆడవాళ్ళు, పిల్లలు, మా ముఠా, అందరం ఆ చీకట్లో ఒకరినొకరు ఆనుకుని నిలబడి పైకి చూస్తున్నాం. కప్పు మీద వాన మోత వింటున్నాం. బుద్ధుడి తల మీదికి, ఒడిలోకి చూస్తున్నాం. ఒక్క చుక్క పడలేదు.

పిల్లలూ, పనిలో తప్పులు మీరూ చేస్తారు. చేసిన తప్పును మీ చేతులతోనే సరిచేసుకునే ఒక్క ఆదివారం దొరకడం ఎంత గొప్ప సంగతో నాకు తెలుసు. దాన్ని మాకు ఇచ్చినవాళ్ళు ఎందరో. లారీ ఇచ్చిన దొర, రాయి ఇచ్చిన కొండ, కుండ తెచ్చి పెట్టిన ఆ తల్లి. అందరికీ నేను రుణపడే ఉన్నాను.

వాన జోరందుకున్నాక ఊరి పెద్ద వచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. ఎవరినీ చూడకుండా నడిచి, బుద్ధుడి ముందు నేల మీద అరచేయి ఆనించాడు. పొడిగా ఉంది. తలెత్తి కప్పును చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని, రంగమన్న వైపు తిరిగి ఏదో అడిగాడు.

రంగమన్న రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏమంటుండు? ఇంకా కోపంగనే ఉన్నడా?" అని బాపు కంగారుగా అడిగాడు.

"కాదు బాబూ" అన్నాడు రంగమన్న. "మీవోలు అన్నం తిన్నారా అని అడుగుతన్నాడు."

బాపు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"తినలేదని చెప్పు. పొద్దుగాల కెల్లి ఏం తినలేదని చెప్పు" అన్నాడు.